బెజ్జాన్ని చూసి పేరు పెట్టొద్దు: గోదావరి డెల్టాలో బెరడు పురుగుల్ని, అంబ్రోషియా పురుగుల్ని గుర్తుపట్టే పద్ధతి

2022 జులై వరద మా లంకలో తొమ్మిది రోజులు నిలిచింది. నీరు తీసిన రెండు వారాలకి, కొబ్బరి చెట్ల మధ్య వేసిన కోకో కాండాల మీద సన్నటి తెల్లపుల్లలు పొడుచుకొచ్చాయి. అగరొత్తి కాలాక బూడిద రాలకుండా నిలబడి ఉంటుంది చూడండి, అచ్చం అలాగే ఉన్నాయి. ముట్టుకుంటే పొడి. దింపు తీయడానికి వచ్చిన పెద్దాయన ఆ కాండాన్ని తడిమి, "ఆయ్, తుపాకీ రవ్వలు తగిలినట్టుందండి" అన్నాడు. ఆయనకి తెలియదు గానీ ఇంగ్లీషులో కూడా ఈ పురుగుల్లో కొన్నిటిని 'షాట్ హోల్ బోరర్' అంటారు. అదే పోలిక.

ఫోటో తీసి మందుల కొట్లో చూపించాం. "కాండం తొలిచే పురుగు" అని ఒక డబ్బా ఇచ్చారు. రెండుసార్లు పిచికారీ చేశాం. పుల్లలు రాలిపోవడం, మర్నాటికి మళ్లీ మొలవడం. చివరికి ఎండిపోతున్న ఒక కొమ్మని రంపంతో కోసి, కత్తిపీట మీద పెట్టి నిలువునా చీల్చాను. లోపల ఇంగువ రంగులో ఒక చిన్న గది. గోడల నిండా తెల్లటి బూజు. ఆ బూజు మీద నువ్వుగింజంత పెంకు పురుగు ఒకటి, చుట్టూ కాళ్లు లేని తెల్లటి పిల్లలు. అది చెక్కని తినడం లేదు, బూజుని పెంచి తింటోంది. పైన కొట్టిన మందు దాని తిండికి తగిలే అవకాశమే లేదని అప్పుడు అర్థమైంది.

ఆ రోజు నుంచి ఈ పురుగుల్ని సీసాల్లో దాస్తున్నాను. మన నేలలో, మన చెట్ల మీద వీటిని ఎవరైనా గుర్తుపట్టడానికి పనికొచ్చే క్రమం ఇది. ఏ మెట్టూ దాటెయ్యకండి. తప్పు గుర్తింపులన్నీ బెజ్జం దగ్గరే ఆగిపోవడం వల్ల వస్తాయి.

ముందు వృత్తి, తర్వాత ఇంటిపేరు

ఈ పురుగుల్ని రెండు రకాలుగా విడదీయాలి. ఒకటి అది దేని మీద బతుకుతోంది అన్నది. రెండోది అది ఏ వంశం అన్నది. ఊళ్లో ఒకే ఇంటిపేరున్న వాళ్లు నాలుగు పనుల్లో ఉంటారు, ఒకే పని చేసేవాళ్లకి నాలుగు ఇంటిపేర్లుంటాయి. ఇక్కడా అంతే.

వృత్తి చూస్తే, బెరడు పురుగు బెరడుకీ చెక్కకీ మధ్య ఉండే తియ్యటి లోపట్టని తింటుంది. అంబ్రోషియా పురుగు చెక్కలోకి సొరంగం తవ్వి, వచ్చేటప్పుడు తనతో తెచ్చుకున్న బూజుని గోడల మీద నాటి, ఆ పంటని తానూ తిని పిల్లలకీ పెడుతుంది. మన పుట్టల్లో చెదలు చేసే సాగు లాంటిదే. ఈ రెండూ కాక గింజల్లో బతికేవి, లేత కొమ్మల దవ్వలో బతికేవి కూడా ఉన్నాయి.

'అంబ్రోషియా' అంటే గ్రీకు దేవతల ఆహారం, మన మాటలో అమృతం. సొరంగం గోడలకి అంటుకున్న ఆ తెల్లటి పదార్థానికి 1836లో జోసెఫ్ ష్మిడ్‌బెర్గర్ ఈ పేరు పెట్టాడు. అది ఏమిటో ఆయనకి తెలియదు. శిలీంధ్రమని 1844లో థియోడర్ హార్టిగ్ చెప్పాడు.

వంశం చూస్తే, ఇవన్నీ ముక్కుపురుగుల కుటుంబమైన కర్క్యులియోనిడేలోనివి. బియ్యం డబ్బాలో కనిపించే ముక్కుపురుగు, కొబ్బరిని కూల్చే ఎర్రముక్కు పురుగు వీటికి దూరపు చుట్టాలు. వీటికి మాత్రం ఆ పొడుగు ముక్కు లేదు. ఈ కుటుంబంలో రెండు శాఖలు మనకి ముఖ్యం. స్కోలిటినే శాఖలో సుమారు 6,000 జాతులున్నాయి. వీటిలో బెరడు తినేవీ, బూజు సాగు చేసేవీ, గింజ తొలిచేవీ అన్నీ ఉన్నాయి. ప్లాటిపోడినే శాఖలో సుమారు 1,400 జాతులు, దాదాపు అన్నీ బూజు రైతులే. పాత పుస్తకాల్లో ఈ రెండిటినీ వేర్వేరు కుటుంబాలుగా, స్కోలిటిడే, ప్లాటిపోడిడే అని రాస్తారు. చదివేటప్పుడు కంగారు పడకండి, పురుగులు అవే.

బూజు సాగు ఈ వంశంలో ఒక్కసారి పుట్టి అందరికీ పాకింది కాదు. వేర్వేరు కొమ్మల్లో పదిసార్లకి పైగా విడివిడిగా పుట్టింది. అందుకే 'అంబ్రోషియా పురుగు' అనేది వృత్తి పేరే తప్ప ఇంటిపేరు అవదు. ఈ ఒక్క విషయం మనసులో ఉంటే మిగతాదంతా తేలిక.

మొదటి మెట్టు: చెట్టు ఏ స్థితిలో ఉంది

పురుగు కన్నా ముందు చెట్టుని చూడండి. పచ్చిగా ఉందా, నీరసించిందా, ఈమధ్యే నరికిందా, ఎండిపోయిన కర్రా?

ఎండిన కర్ర, అంటే తలుపు, మంచం, పందిరి వెదురు అయితే, అక్కడున్నవి మన పురుగులు కావు. బూజుకి తడి కావాలి. ఎండిన చెక్కలో ఆ పంట పండదు. అవి పిండి పురుగులు: బోస్ట్రైకిడే కుటుంబం, అందులోని లిక్టినే శాఖ. వెదురు తడికల్లోంచి రాలే పిండి చాలాసార్లు డైనోడెరస్ అనే పురుగు పని.

నీరసించిన చెట్టు అయితే అసలైన అనుమానం ఇక్కడే. వేళ్ల చుట్టూ నీరు నిలిచి గాలి ఆడకపోతే చెట్టు లోపల ఇథనాల్ తయారవుతుంది. మనిషి ముక్కుకి ఆ వాసన తెలియదు. అంబ్రోషియా పురుగులకి మాత్రం భోజనానికి పిలిచినట్టే. పైకి ఆకు పచ్చగానే ఉన్న చెట్టుని కూడా అవి ఈ వాసనని బట్టే వెతుక్కుంటూ వస్తాయి. డెల్టాలో మనకి వీటి బెడద ఎందుకుందో ఈ ఒక్క వాక్యం చెబుతుంది: వరద, మురుగు తీయని బోదెలు, పూడిపోయిన కాలవలు, పల్లపు తోటలు. కడియం వైపు నర్సరీల్లో కుండీలకి నీళ్లు ఎక్కువైనా ఇదే కథ. అక్కడి మొక్కలు లారీల్లో దేశమంతా వెళ్తాయి కాబట్టి నర్సరీ వాళ్లు ఈ బెజ్జాల్ని మనకన్నా శ్రద్ధగా చూడాలని నా అభిప్రాయం.

నరికిన దుంగలు, రోడ్డు పక్క పడిన నిద్రగన్నేరు, కోత మిల్లు దగ్గర పేర్చిన పచ్చి మామిడి మొద్దులు నేర్చుకోవడానికి మంచి బడి. అక్కడ ఒక్క దుంగలోనే నాలుగైదు జాతులు దొరకొచ్చు.

కొబ్బరి సంగతి వేరేగా చెప్పాలి. కొబ్బరి మొవ్వులో కొమ్ము పురుగు, కాండంలో ఎర్రముక్కు పురుగు చేసే కన్నాలు వేలు పట్టేంత పెద్దవి. ఎర్రముక్కు పురుగు కన్నం నుంచి నమిలిన పీచు, ముదురు రంగు ద్రవం వస్తాయి. వాటితో కలపకండి. అయితే కాండం నుంచి ఎర్రటి జిగురు కారే తెగులు పట్టిన కొబ్బరికి ఆ మచ్చల మీదే జైలెబోరస్ పర్ఫొరాన్స్ అనే చిన్న అంబ్రోషియా పురుగు చేరుతుంది. అక్కడ తెగులు ముందు, పురుగు తర్వాత. పురుగే చెట్టుని చంపిందని రాసుకుంటే తప్పు.

రెండో మెట్టు: బెజ్జం కొలత

స్కేలు అక్కర్లేదు. అగరొత్తి పుల్ల కొన దాదాపు 1 మిల్లీమీటరు పైచిలుకు, అగ్గిపుల్ల సుమారు 2 మిల్లీమీటర్లు, పెన్సిలు సుమారు 7. బెజ్జంలో పెన్సిలు పట్టిందంటే అది మామిడి కాండాన్ని తొలిచే బాటోసెరా లాంటి పొడుగు మీసాల పురుగు పిల్లది. అగ్గిపుల్ల అంతా అంతకన్నా సన్నమూ అయితే ముందుకు సాగండి. అంచు గుండ్రంగా, బరమా పెట్టినట్టు శుభ్రంగా ఉందో లేదో చూడండి. పుల్ల గట్టిగా నొక్కకండి, ద్వారం దగ్గరే తల్లి పురుగు కాపలా ఉంటుంది.

మూడో మెట్టు: పొట్టు

నాకు అన్నిటికన్నా నమ్మకమైన సాక్ష్యం ఇదే. పురుగు దొరక్కపోయినా పొట్టు దొరుకుతుంది. ఉదయం మంచు ఆరక ముందు, గాలి లేనప్పుడు వెళ్లండి. వాన పడితే ఏమీ మిగలదు. కాండం కింద తెల్ల కాగితం పరిచి రాత్రంతా వదిలేస్తే ఇంకా మంచిది.

పొట్టుని రెండు వేళ్ల మధ్య నలపండి. గోధుమపిండిలా మెత్తగా జారిపోతే పిండి పురుగు. బెరడు ముక్కలు కలిసి, గోధుమరంగు కాఫీపొడిలా ఉంటే బెరడు పురుగు, ఎందుకంటే అది తవ్వేది బెరడులోనే. తెల్లగా, చెక్క రంగులో, గరుకుగా ఉంటే చెక్కలోకి దిగిన పురుగు. అంటే అంబ్రోషియా అయ్యుండొచ్చు. సన్నటి పీచు ముక్కలు, చిట్లిన నారలా పొడుగ్గా ఉంటే ప్లాటిపోడినే వైపు అనుమానించండి. వాటి పొట్టు తరచూ అలా పీచుగా ఉంటుంది.

ఇక నేను మొదట చెప్పిన అగరొత్తి బూడిద లాంటి పుల్లలు. పురుగు పొట్టుని వెనక్కి నెడుతుంటే అది ఒత్తుకుని, కారప్పూస గిద్దలోంచి వచ్చినట్టు బయటికి వస్తుంది. గాలి లేకపోతే 3 సెంటీమీటర్ల వరకూ నిలబడుతుంది. ఇలా నిలబెట్టడంలో బాగా పేరున్నది జైలోసాండ్రస్ క్రాసియస్కులస్. కానీ దాని చుట్టాలు కొన్ని కూడా చిన్న పుల్లలు చేస్తాయి. అందుకని పుల్ల కనిపించగానే జాతి పేరు రాసేయకండి. "జైలోసాండ్రస్ కావచ్చు" అని పెన్సిలుతో రాసి నాలుగో మెట్టుకి వెళ్లండి.

పొట్టు అసలు రాకుండా బెజ్జం దగ్గర తడి మరక, జిగురు, తెల్లటి చక్కెర లాంటి పొడి కనిపించడం కూడా ఉంది. అది చెట్టు తిరగబడుతున్న గుర్తు.

నాలుగో మెట్టు: చీల్చి చదవడం

కావలసినవి: చిన్న రంపం, ఉలి, సుత్తి, గట్టి కత్తి. కొమ్మని బెజ్జానికి ఒక జానెడు అటూ ఇటూ కోయండి. ముందు బెరడుని మాత్రం కత్తిమొనతో పొరగా లేపండి. తొందరపడి మొత్తం చీల్చేస్తే బెరడు కింద రాత చెరిగిపోతుంది.

బెరడు లోపలివైపూ చెక్క పైమీదా సొరంగాలు కనిపిస్తే బెరడు పురుగు. తల్లి తవ్విన ఒక ప్రధాన గాడి ఉంటుంది, దాని పక్కల నుంచి పిల్లలు తవ్వుకున్న సన్న గాళ్లు బయల్దేరి, పిల్ల పెరిగేకొద్దీ వెడల్పవుతూ పోతాయి. ఇంటర్నెట్లో ఈ పురుగుల పేరు కొడితే వచ్చే అందమైన చెక్కడాల బొమ్మలన్నీ ఇలాంటివే. కానీ అవి ఎక్కువగా చలిదేశాల పైన్, ఎల్మ్ చెట్లవి. మన దేశంలో అలాంటి ఇప్స్ పురుగు హిమాలయాల చీర్ పైన్ మీద ఉంది. డెల్టాలో అంత తీరైన చెక్కడం కోసం వెతికితే నిరాశే. ఇక్కడ మామిడి బెరడు కింద దొరికేవి గజిబిజి గదులు.

బెరడు కింద ఏమీ లేదు, బెజ్జం నేరుగా చెక్కలోకి పోయింది. అప్పుడు ఉలిని చెక్క నార వెంట పెట్టి నెమ్మదిగా చీల్చండి. అంబ్రోషియా సొరంగానికి మూడు గుర్తులున్నాయి. లోపల పొట్టు ఉండదు, ఊడ్చినట్టు శుభ్రంగా ఉంటుంది, ఎందుకంటే పొలంలో చెత్త ఉంచరు కదా. గోడ నల్లగానో ముదురు గోధుమగానో ఉంటుంది, అది బూజు పెట్టిన రంగు. చివర గది ఉంటే దాని సంగతి వేరు గానీ, సొరంగం దారి మొదటి నుంచి ఒకే వెడల్పు. పిండి పురుగు సొరంగమైతే ఈ మూడిటికీ ఎదురు: నిండా పిండి కూరి ఉంటుంది, గోడకి రంగు ఉండదు, వెడల్పు మారుతుంది. కోత మిల్లులో పలక మీద నల్ల అంచున్న సూదిబెజ్జాలు కనిపిస్తే పాత అంబ్రోషియా సొరంగాలే. చెక్క వ్యాపారంలో వాటిని 'పిన్ హోల్' అంటారు. ఆ పలకలో పురుగు ఎప్పుడో పోయింది, కొత్త ఇంటికి పాకుతుందని భయపడక్కర్లేదు.

సొరంగం ఆకారం కూడా రాసుకోండి. ఒక చిన్న దారి, దాని చివర చదునైన గది, అందులో పిల్లలంతా ఒకే చోట ఉంటే జైలోసాండ్రస్ గుణం. కొమ్మలు కొమ్మలుగా చీలిపోతే జైలెబోరస్ వైపు. చాలా లోతుగా, దుంగ చేవ దాకా పోతే ప్లాటిపోడినే వైపు. లేత కొమ్మ దవ్వలోకి దిగి, ఆ కొమ్మ ఆకులు వేలాడి ఎండిపోతే జైలోసాండ్రస్ కాంపాక్టస్. దాని బెజ్జం తరచూ కొమ్మ కింది వైపు ఉంటుంది, పై నుంచి చూసేవాడికి దొరకదు.

ఒక గదిలో ఉన్న అందరినీ లెక్కపెట్టండి. పెంకు పురుగుల్లో ఒకటో రెండో మిగతావాటికన్నా చిన్నవిగా, గుజ్జుగా, లేత రంగులో, ఎగరలేని వాటిలా ఉంటే అవి మగవి. జైలోసాండ్రస్, జైలెబోరస్‌లు చేరిన జైలెబోరినీ తెగలో ఆడవే ఎక్కువ. సంయోగం లేని గుడ్ల నుంచి మగవి, సంయోగం జరిగిన గుడ్ల నుంచి ఆడవి పుడతాయి. అన్నాచెల్లెళ్లే గది లోపల జతకడతారు. ఆడది బయటికి వచ్చేసరికే గుడ్లు పెట్టడానికి సిద్ధం. ఒంటరిగా ఒక్క పురుగు కొత్త తోటకి చేరినా సంసారం మొదలవుతుందంటే కారణం ఇదే. ప్లాటిపోడినేలో ఆలుమగలిద్దరూ ఉంటారు, చెక్కలోకి మొదట దిగేది మగది.

ఐదో మెట్టు: పురుగుని పట్టడం

చీల్చిన కొమ్మలోంచి పట్టకారుతో కాక, తడిపిన సన్న కుంచెతో ఎత్తండి. ఇంత చిన్న పురుగుకి పట్టకారు మీసాలు విరిచేస్తుంది. చిన్న సీసాలో 70 శాతం పైన ఉన్న ఇథనాల్ పోసి అందులో వేయండి. తర్వాత డీఎన్ఏ పరీక్షకి పంపాలనుకుంటే 95 శాతం మేలు.

చెట్టుని కోయడం ఇష్టం లేకపోతే సీసా బోను కట్టుకోండి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాకి పక్కన అరచేయంత కిటికీ కోయండి. సీసాని తలకిందులుగా వేలాడదీయండి, మూత కిందికి వస్తుంది. మూత దగ్గర రెండు వేళ్ల మందాన నీళ్లు పోసి, గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేయండి. సబ్బు లేకపోతే పురుగు నీటి మీద నడిచి పోతుంది. లోపల దారానికి ఒక చిన్న డబ్బీ కట్టి, అందులో చేతులు రుద్దుకునే శానిటైజర్ పోయండి. కొనేటప్పుడు ఇథైల్ ఆల్కహాల్ అని రాసి ఉన్నదే తీసుకోండి, ఐసోప్రొపైల్ రకం కాదు. ఛాతీ ఎత్తున, తోటలో నీడ పట్టున, నీరు నిలిచే వైపు కట్టండి. వీటిలో చాలావరకూ సాయంత్రం వెలుతురు తగ్గే వేళ ఎగురుతాయి. రెండు రోజులకోసారి వడగట్టి సీసాలోకి మార్చండి, లేకపోతే మన ఉక్కపోతకి కుళ్లిపోతాయి.

బోనులో పడిన పురుగు ఏ చెట్టులోంచి వచ్చిందో మనకి తెలియదని మర్చిపోకండి. బోను ఊళ్లో ఎవరెవరున్నారో చెబుతుంది, ఎవరింట్లో ఎవరో చెప్పదు.

ఆరో మెట్టు: భూతద్దం కింద

10 రెట్లు పెద్దది చేసే భూతద్దం ఉంటే శాఖ దాకా, ఫోనుకి తగిలించే మాక్రో లెన్స్ ఉంటే ప్రజాతి, అంటే పేరులో మొదటి మాట దాకా రావచ్చు. జాతి దాకా పోవాలంటే స్టీరియో మైక్రోస్కోపు కావాలి.

ముందు పరిమాణం. వంటింటి పోపులడబ్బా పక్కన పెట్టుకోండి. గసగసాల గింజంత ఉంటే హైపోథెనిమస్ వైపు. ఆవగింజంత ఉంటే జైలోసాండ్రస్ కాంపాక్టస్ లాంటివి. నువ్వుగింజంత అంటే 2 నుంచి 3 మిల్లీమీటర్లు, జైలోసాండ్రస్ క్రాసియస్కులస్, జైలెబోరస్, యూవాలేసియా. జీలకర్ర గింజలా పొడుగ్గా, సన్నగా ఉంటే ప్లాటిపోడినే.

తర్వాత మీసం. మోచేయి వంచినట్టు మధ్యలో వంగి, చివర ఒక గట్టి బొడిపె ఉంటే మన వంశమే. మీసం వంపు లేకుండా ఉండి, చివరి మూడు కణుపులు విడివిడిగా రంపపు పళ్లలా తెరుచుకుంటే అది బోస్ట్రైకిడే. ఇక్కడ చాలామంది పొరబడేది సైనోక్సైలాన్ అనే బోస్ట్రైకిడే పురుగు దగ్గర. సరుగుడు కర్రల్లో, కంచె గుంజల్లో దొరుకుతుంది. దాని తల ముసుగు కింద దాక్కుని, వెనక రెక్కల వాలులో రెండు ముళ్లుంటాయి. చూడగానే అంబ్రోషియా పురుగే అనిపిస్తుంది. మీసం చూస్తే ఆ అనుమానం తీరుతుంది.

మీసం సరిపోయాక, పై నుంచి తల కనిపిస్తోందా? ఛాతీ కవచం టోపీలా ముందుకి వచ్చి తలని కప్పేస్తే ఎక్కువగా స్కోలిటినే. తల ఛాతీ అంత వెడల్పుగా, ముందుకి పొడుచుకుని బాగా కనిపిస్తే ప్లాటిపోడినే. నిర్ధారణకి పాదం చూడండి. ప్లాటిపోడినే పాదంలో మొదటి కణుపు మిగతావన్నీ కలిపినదానికన్నా పొడుగు, దారంలా వేలాడుతూ ఉంటుంది. దీన్ని ఒకసారి కళ్లారా చూస్తే జన్మలో మర్చిపోరు.

ఆఖరున వెనక్కి తిప్పండి. రెక్కల పెంకులు తోక వైపు వాలే చోటు ఈ పురుగుకి ముఖం లాంటిది. అది నున్నగా మెరుస్తుందా, మసకగా గరుకుగా ఉందా, అంచుకి గట్టు ఉందా, చిన్న బుడిపెలున్నాయా, వెంట్రుకలు వరసలో ఉన్నాయా? ఫోటో తీసేటప్పుడు పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ఈ వాలుది ఒకటి, మూడూ తీయండి. ఒక్క పైఫోటో పంపితే ఏ శాస్త్రవేత్త అయినా పేరు చెప్పలేరు.

ఏడో మెట్టు: ఇంటిపేరు దగ్గరికి

ఇక్కడ నేను చెప్పేవాటిలో ఎక్కువ మన దేశంలో ఉన్న పురుగులు. మీ తోటలో ఉన్నది వీటిలో ఒకటి కావచ్చు, కాకపోనూవచ్చు.

జైలోసాండ్రస్: బొద్దుగా, వెనక వాలు నిటారుగా కోసినట్టు ఉంటుంది. వెల్లకిలా తిప్పితే ముందు కాళ్ల మొదళ్ల మధ్య స్పష్టమైన ఖాళీ. ఛాతీ కవచం వెనక అంచులో ఒక వెంట్రుకల కుచ్చు, దాని కిందే బూజు విత్తనం దాచుకునే సంచీ. క్రాసియస్కులస్ ఎర్రటి గోధుమ రంగు, దాని వెనక వాలు మసకగా, ఇసుక చల్లినట్టు గరుకు. కాంపాక్టస్ నలుపు, వాలు మెరుస్తుంది. మా కోకోలోది మసక వాలుదే.

జైలెబోరస్: సన్నగా, పొడుగ్గా, వాలు మెల్లగా జారుతుంది, దాని మీద వరస బుడిపెలు. అఫినిస్, ఫెరుజీనియస్, పర్ఫొరాన్స్, వాల్వ్యులస్ దేశదేశాల్లో ఉన్నాయి. చివరి రెండిటినీ కంటితో విడదీయడం నిపుణులకే కష్టం, డీఎన్ఏ అడుగుతారు. మనం "జైలెబోరస్" దగ్గర ఆగడంలో తప్పు లేదు.

జైలెబోరైనస్: రెక్కల మధ్య ఉండే చిన్న త్రికోణం ఇక్కడ మొనదేలిన శంకువులా లేచి ఉంటుంది, పక్కల వెంట్రుకలు. ఇంకేమీ చూడక్కర్లేదు.

యూవాలేసియా: దీన్ని అశ్రద్ధ చేయొద్దు. తేయాకు తోటల్ని పీడించే పురుగు, కాలవ గట్ల మీద పెరిగే ఆముదంలో బాగా సంతానం పెంచుకునే పురుగు. బూజు సంచులు దవడల దగ్గర. అది సాగు చేసేది ఫ్యుసేరియం బూజు, కాబట్టి చెట్టుకి తెగులు కూడా వస్తుంది. ఫోర్నికేటస్ అని ఒకే పేరుతో పిలిచినవాటిని 2019 నాటికి నాలుగు జాతులుగా విడదీశారు. పాత వ్యాసంలో ఆ పేరు చూస్తే ఏ జాతి గురించి రాశారో చెప్పలేం.

పేరు ఎందుకంత పట్టుగా అడుగుతున్నానో ఒక ఉదాహరణ. జైలెబోరస్ గ్లాబ్రేటస్ ఆసియా పురుగు, ఇక్కడ ఎవరికీ పట్టదు. 2002లో అది అమెరికాలోని జార్జియాలో కనిపించింది. అది మోసుకెళ్లిన బూజు అక్కడి రెడ్‌బే చెట్లని, అవకాడోల్ని నిలువునా ఎండబెట్టింది. దాని అక్కచెల్లెళ్లు పక్కనే ఉండి ఏ హానీ చేయలేదు. భూతద్దం కింద తేడా వెంట్రుకంత.

యూప్లాటిపస్ ప్యారలలస్: అమెరికా ఖండం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ప్లాటిపోడినే పురుగు. జీడిమామిడి, రబ్బరు చెట్ల మీద మన దేశంలో నమోదైంది. డెల్టా అంచుల మెరక భూముల్లో జీడి తోటలున్నవాళ్లు పీచు పొట్టు కనిపిస్తే దీన్ని గుర్తుంచుకోండి.

క్రిఫాలస్ మాంజిఫెరే: మామిడి బెరడు పురుగు. పాత పుస్తకాల్లో హైపోక్రిఫాలస్. ఒమన్, పాకిస్తాన్, బ్రెజిల్‌లలో మామిడి హఠాత్తుగా ఎండిపోయే తెగులుతో దీనికి సంబంధం కట్టారు. ఎండుపుల్లల బెరడు కింద దొరుకుతుంది, అంతమాత్రాన తెగులు ఉన్నట్టు కాదు.

హైపోథెనిమస్: అన్నిటికన్నా చిన్నవి, ఎండుపుల్లల్లో ఎక్కడైనా. వీటిలో ఒకటి కాఫీ గింజ తొలిచే పురుగు, మన దేశంలో 1990లో నీలగిరుల గూడలూరులో మొదటిసారి కనిపించింది.

కోకోట్రైపిస్: గింజ పురుగులు. ఈత, ఖర్జూరం లాంటి గట్టి గింజల్లో గుండ్రటి బెజ్జం వేస్తాయి. ఈ ప్రజాతిలో రైజోఫోరే అనే జాతి మడచెట్ల జాతుల్లో ఉప్పు పొన్న మొలకల్ని తొలుస్తుంది. కోరింగ వైపు వెళ్లినప్పుడు బురదలో పడిన మొలకల మీద సూదిబెజ్జాలు చూడటం మంచి అలవాటు. అది అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా ఏదీ కోయకూడదు, తేకూడదు. ఫోటో చాలు.

మందు సంగతి

లోపలికి దిగిన పురుగు మీద పైపిచికారీ పనిచేయదు. దిగకముందు కాండం తడిసేలా కొట్టిన మందుకే కొంత ఫలితం ఉంటుంది. మా తోటలో పనిచేసింది పార. బోదెలు తీసి నీరు దింపాం, పట్టిన కొమ్మల్ని బెజ్జానికి కింద జానెడు దాకా కోసి అదే రోజు కాల్చాం. కోసినవాటిని గట్టు మీద పడేస్తే అందులోంచే ఆడపురుగులు ఎగిరిపోతాయి. ఒకటి రెండు బెజ్జాలున్న చెట్లని పీకలేదు. వాటిలో చాలావరకూ కోలుకున్నాయి.

చివరి మెట్టు: చీటీ

చీటీ లేని పురుగు ఎంత అరుదైనదైనా ఎందుకూ పనికిరాదు. చిన్న కాగితం ముక్క మీద పెన్సిలుతోనే రాయండి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. చీటీని సీసా బయట అంటించకుండా లోపలే వేయండి. ఊరు, మండలం, తేదీ, చెట్టు, చెట్టు స్థితి, ఏ భాగం, బెజ్జం కొలత, పొట్టు రకం, సొరంగం ఆకారం. పేరు కోసం ఖాళీ వదలండి.

నిర్ధారణకి వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం, అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం, లేదా మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. కీటకాల వర్గీకరణ చేసే జాతీయ సంస్థ, భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) వారి ఎన్‌బీఏఐఆర్, బెంగళూరులో ఉంది. పంపేముందు ఫోన్ చేసి ఏ ద్రవంలో, ఎన్ని పురుగులు కావాలో తెలుసుకోండి. ఒక్క పురుగు పంపకండి, ఒక గదిలోని కుటుంబం మొత్తం పంపండి, చిన్న మగవాటితో సహా.

నా మొదటి సీసాలో చీటీ ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉంది: "కోకో, బతికి ఉంది, వరద తర్వాత. కాండం, నేల నుంచి మూరెడు ఎత్తు. బెజ్జం 2 మి.మీ. పుల్లలా పొట్టు. చదును గది, తెల్ల బూజు. ఆడవి 14, మగది 1."